విశాఖ ఫీడరు

డిసెంబరులో లమ్తపుట్ వెళితే మామయ్య ఇంట్లో ముందు కుంపటి, తరవాత కొరాపుట్ కాఫీ, ఆ తరవాత ఘాజీ కథ. నా చిన్నప్పటినుంచీ ఈ వరస మారలేదు.

మామయ్య కరెంటు మనిషి. పక్కనే డుడుమ జలపాతం, దాని కింద మాచ్‌ఖండ్ పవర్‌హౌసు. 1955 నుంచి అక్కడి నీళ్లు కరెంటై కొండ దిగుతున్నాయి. ఆంధ్ర, ఒడిశా దాన్ని పంచుకుంటాయి. వాటాల దగ్గర మాటా మాటా అనుకుంటాయి కూడా. మామయ్య రిటైరయ్యాక ఇక్కడే ఇల్లు కట్టుకున్నాడు గానీ, 1971లో ఆయన ఉద్యోగం కొండ కింద, విశాఖ దారిలో ఒక సబ్‌స్టేషన్లో. పేరు వద్దులెండి.

"పాకిస్తాన్ దగ్గర బంగాళాఖాతం దాకా రాగల సబ్‌మెరైన్ ఘాజీ ఒక్కటేరా. అమెరికావాడిది, అద్దెకి తెచ్చుకున్నారు. నవంబరు 14న కరాచీలో బయల్దేరింది. దేనికోసం? మన విమానవాహక నౌక విక్రాంత్ కోసం. ఆ విక్రాంత్ ఎక్కడుంది?"

"అండమాన్‌లో దాచారు," అన్నాను. చిన్నప్పుడైతే ఇక్కడ నోరెళ్లబెట్టేవాణ్ని.

"అదీ! విశాఖలోనే ఉందని నమ్మించడానికి అడ్మిరల్ కృష్ణన్ ఏం చేశాడు? రాజ్‌పుత్ అనే పాత ఓడని పంపి, విక్రాంత్ నావికుడెవడో వాళ్లమ్మకి ఒంట్లో ఎలా ఉందని అడుగుతున్నట్టు ఒక టెలిగ్రాం కొట్టించాడు. అమ్మ ఆరోగ్యం అడిగితే ఎవడు అనుమానిస్తాడు?"

ఇక్కడ మామయ్య కాఫీ గ్లాసు కింద పెడతాడు. ఇక తన వంతు.

"డిసెంబరు 3, రాత్రి డ్యూటీ. యుద్ధం మొదలైందని రేడియో చెప్పింది. ఊళ్లో బ్లాకవుటు అన్నారు గానీ, ఎవడింట్లో ఎవడు ఆర్పాడో ఎవడు చూశాడు? నేను ఆలోచించాను. ఎవర్నీ అడగలేదు. విశాఖ ఫీడరు లాగేశాను. టక్! అర్ధరాత్రి దాటాక సముద్రంలో పేలుడు. బీచి దగ్గర ఇళ్ల కిటికీలు దడదడలాడాయి. చీకట్లో దారి తెలీక చచ్చింది ఘాజీ. పేరు మాత్రం రాజ్‌పుత్‌కి!"

రాజ్‌పుత్ వేసిన డెప్త్ ఛార్జీలకే మునిగిందని మన నేవీ చెబుతుంది. అందులో ఉన్న 90 మందికి పైగా మనుషుల్లో ఒక్కరూ మిగల్లేదు. చూసి చెప్పేవాడు లేడు. అందుకే పాకిస్తాన్ లెక్క వేరు. లోపలే ఏదో పేలింది, లేదా తను పెట్టిన మందుపాతరే తగిలింది, భారత్ చేసిందేమీ లేదు అంటుంది. ఆ మాటెత్తితే మామయ్యకి ఒళ్లు మండుతుంది.

"దానంతట అదే పేలిందట! ఒరే, నలభై ఏళ్లు కరెంటుతో కాపురం చేశాను. ఏదీ దానంతట అదే పోదు. చేతకానివాడు చెప్పుకునే మాట అది."

ఈసారి నేను ఊరుకోక, నేవీ డేకి ఒక పత్రికకి ఇది రాస్తానన్నాను. మామయ్య మొహం వెలిగింది. "ఆధారం కావాలంటారు కదా? ఏమేవ్, ట్రంకుపెట్టెలో నా సర్వీసు కాగితాలు తే. ఆ రాత్రి డ్యూటీ నాదే అని వీడికి చూపిద్దాం."

అత్తయ్య వంటింట్లోంచి ఒకసారి తొంగి చూసింది. "అవన్నీ ఇప్పుడెందుకండీ?" అంది.

"తెమ్మంటే!"

కలరా ఉండల వాసన కొడుతున్న కాగితాల కట్ట తెచ్చి నా ఒళ్లో పెట్టి, మళ్లీ వంటింట్లోకి వెళ్లిపోయింది. మామయ్య కళ్లజోడు వెతుక్కునేలోగా తాడు విప్పాను. ఇంక్రిమెంట్లు, బదిలీ ఆర్డరు, ఒక మెమో. తేదీ డిసెంబరు 4, 1971. రాత్రి విశాఖ ఫీడరు ఎందుకు పోయిందో మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలని.

దానికి గుండుసూదితో గుచ్చి మామయ్య జవాబు నకలు. ముత్యాల్లాంటి అక్షరాలు, ఆఫీసు ఇంగ్లీషు. తెలుగులో చెప్పుకుంటే ఇంతే:

"అయ్యా, ఇందులో నేను చేసిందేమీ లేదు. అది దానంతట అదే పోయింది."