ఓడితేనే చెడిపోయే యంత్రం

మన ఓటింగ్ యంత్రానికో వింత జబ్బుంది. పోలింగ్ రోజు బానే ఉంటుంది. స్ట్రాంగ్‌రూమ్‌లోనూ బానే ఉంటుంది. లెక్కింపు నాడు మూడో రౌండ్ దాటాక చెడిపోతుంది, అదీ ఓడుతున్న పార్టీ కంటికే. పక్క కుర్చీలో కూర్చున్న గెలిచే పార్టీ ఏజెంటు అదే యంత్రాన్ని చూసి ‘ప్రజాతీర్పు’ అని దండం పెడతాడు.

2009లో ఓడాక చంద్రబాబు నాయుడు గారికి ఈవీఎంల మీద అనుమానం పట్టుకుంది. 2014లో గెలవగానే తగ్గింది. 2019లో ఓటమికి ముందే తిరగబెట్టింది. ఓటు ఎవరికి పడిందో చూపే వీవీప్యాట్ స్లిప్పులు సగం లెక్కపెట్టాలని సుప్రీంకోర్టుకెక్కితే, అసెంబ్లీ సెగ్మెంటుకు ఒక్క కేంద్రం అన్నదాన్ని కోర్టు ఐదు చేసి పంపింది. 2024లో పూర్తిగా నయమైంది. కానీ ఇది అంటురోగం. 151 సీట్లిచ్చినప్పుడు యంత్రంలో ఏ వంకా కనిపించని జగన్మోహన్ రెడ్డి గారికి, 11 ఇచ్చిన రెండు వారాలకే దాదాపు గొప్ప ప్రజాస్వామ్య దేశాలన్నీ కాగితం బ్యాలెట్ వాడుతున్నాయని గుర్తొచ్చింది. 2024 నవంబరులో కాగితం బ్యాలెట్ కావాలన్న కె.ఎ. పాల్ గారి పిటిషన్ కొట్టేస్తూ సుప్రీంకోర్టు ఈ ఇద్దరి పేర్లూ కలిపి ఎత్తింది. ఆ ఇద్దరినీ ఒకే మాటలో ఇమిడ్చిన ఘనత ఈవీఎందే.

ఢిల్లీ పెద్దలేం తక్కువ తినలేదు. ఈవీఎంలతో ప్రజాస్వామ్యానికి ముప్పని 2010లో జీవీఎల్ నరసింహారావు గారు పుస్తకమే రాస్తే, అద్వానీ గారు ముందుమాట రాశారు. 2014 తర్వాత ఆ ముప్పు ఎటు పోయిందో బీజేపీ ఆఫీసులో ఎవరూ చెప్పరు.

యంత్రానికి ఇంటర్నెట్ లేదు, బ్లూటూత్ లేదు, కాబట్టి భద్రం అంటుంది ఎన్నికల సంఘం. నిజమే. 2019లో గుత్తిలో ఓ అభ్యర్థికి, 2024లో మాచర్ల నియోజకవర్గం పాల్వాయి గేటులో సాక్షాత్తు సిట్టింగ్ ఎమ్మెల్యేకి వాటి అవసరమే పడలేదు. ఎత్తి నేలకేసి కొట్టారు.

సంఘం వారి సంగతి ఇంకా రుచికరం. 2010లో హైదరాబాద్ ఇంజనీరు వేమూరి హరిప్రసాద్, ఇద్దరు విదేశీ పరిశోధకులతో కలిసి అసలైన ఈవీఎం ఒకదాన్ని విప్పి, చేతికి చిక్కితే లెక్కలు మార్చొచ్చని చూపించారు. బహుమానంగా దొంగతనం కేసు, అరెస్టు. ముంబయి సర్కారు గోదాములోంచి యంత్రం పోయిందట! యంత్రం తాళం దాటి బయటికి రాదని ఒట్టేసే వ్యవస్థే, వచ్చిందని కేసు పెట్టింది.

పోనీ కాగితం? 2020లో జీహెచ్ఎంసీ ఎన్నికలు కాగితం మీదే జరిగాయి. ఓల్డ్ మలక్‌పేటలో సీపీఐ అభ్యర్థికి సీపీఎం గుర్తు అచ్చేసి, నాయకులు దశాబ్దాలుగా కుదర్చలేని విలీనాన్ని ప్రెస్సువాళ్లు కుదిర్చేశారు. రీపోలింగ్ పెట్టాల్సి వచ్చింది. స్వస్తిక్ కాని ముద్ర పడ్డ ఓటు చెల్లుతుందంటూ లెక్కింపు ముందు రాత్రి సర్క్యులర్, తెల్లారేసరికి హైకోర్టులో పంచాయితీ.

ఇన్ని అనుమానాల మధ్య అసలు ప్రశ్న అనాథైంది: వందల పోలింగ్ కేంద్రాలున్న సెగ్మెంటులో ఐదింటి స్లిప్పులు లెక్కపెడితే సరిపోతుందా? గెలిచినవాడు అడగడు. ఓడినవాడు అడిగితే ఎవరూ నమ్మరు. 2024 ఏప్రిల్ తీర్పులో సుప్రీంకోర్టు ఓ దారి చూపింది. సెగ్మెంటుకు అయిదు శాతం యంత్రాల మెమరీ పరీక్షించమని కోరొచ్చు. కోరే హక్కు రెండో, మూడో స్థానాల్లో నిలిచిన అభ్యర్థులకు. అంటే అనుమానాన్ని ఓడినవాడి పేరునే రిజిస్టర్ చేశారు, ఖర్చు కూడా వాడిదే. ఓటరుకు మాత్రం అద్దం వెనక స్లిప్పు కనిపించే ఏడు సెకన్లున్నాయి. అడగాల్సిందేమైనా ఉంటే ఆలోపే అడిగేసుకోవాలి.