సున్నకు సాక్షిని

నా రూపమునుగూర్చి గొప్పగా చెప్పుకొనదగినది లేదు. పారదర్శకమైన ప్లాస్టికు డబ్బాను, కడుపునిండ నీరు. అయినను సిడ్నీ నగరపు పశ్చిమభాగమున నున్న యొక ఆసుపత్రిలో ప్రతిదినము ప్రాతఃకాలమున, రోగులెవ్వరును రాకమునుపే, సీటీ యంత్రపు వలయములో ప్రవేశించునది నేనే. వాటర్ ఫాంటమ్ అందురు నన్ను. గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డ్ పేరిట నెలకొన్న కొలమానమున నీటి విలువ 0, గాలి విలువ మైనస్ 1000. కావున నన్ను చిత్రించినప్పుడు సున్నకు అటునిటుగా నాలుగైదంకెలు మించి తేడా వచ్చెనేని, ఆ దినమున ఆ యంత్రము ఎవరి కాలేయమునుగూర్చి యేమి చెప్పినను నమ్మదగదు.

పలు కోణములనుండి గ్రహించిన పట్టీలను కూర్చి పూర్ణచిత్రము చేయు ఈ సీటీ విద్య యావత్తు 1971లో లండను నగరమున, హౌన్స్‌ఫీల్డ్ యంత్రము తొలి రోగిని పరీక్షించిన నాడు పుట్టినదని పలువురు తలంతురు. సిడ్నీ నివాసినగు నాకు ఆ మాట పూర్తిగా రుచింపదు. నగరమునకు త్రాగునీరు నిలువచేసిన పాట్స్ హిల్ జలాశయపు గట్టులమీద క్రిస్టియన్‌సెన్ అను శాస్త్రజ్ఞుడు ఆంటెనాలను బారులు తీర్చి, సూర్యుని రేడియో తరంగములను సన్నని పట్టీలుగా గ్రహించి, భూభ్రమణమువలన కోణము మారుచుండగా లభించిన ఆ పట్టీలనన్నిటిని కూర్చి, తోడి పరిశోధకుడగు వార్‌బర్టన్‌తో కలసి 1955లో సూర్యబింబపు పటమును ప్రకటించెను. మరుసటి యేడు, సిడ్నీలోనే పుట్టిన రోనాల్డ్ బ్రేస్‌వెల్, అట్టి పట్టీలనుండి పూర్ణచిత్రమును రాబట్టు గణితమును ఆస్ట్రేలియా భౌతికశాస్త్ర పత్రికలో వివరించెను. హౌన్స్‌ఫీల్డ్, అతనివలెనే సీటీ విద్యకు మూలపురుషుడగు కార్మాక్ వేర్వేరు దారులనే వచ్చి 1979లో నోబెల్ బహుమానమును పంచుకొనిరి. వారి కీర్తికి నేను అడ్డురాను. మనుష్యుని శిరస్సుకంటె ముందు సూర్యుని ఈ విధమున చూచినది మా ఊరని మాత్రము చెప్పక మానను. నాలోనిది శుద్ధజలమే గాని ఆ జలాశయపు నీరు కాదని యెఱిగియు చుట్టరికము కలుపుకొనుచున్నాను.

విశ్వవిద్యాలయమునుండి శిక్షణకై వచ్చు విద్యార్థులు తొలుత నామీదనే చేయి తిప్పుకొందురు. మొన్నటి విడతలో గుంటూరు ప్రాంతపు కుటుంబమున పుట్టిన యొక పిల్ల వచ్చినది. మీటలు నొక్కుటే విద్య యనుకొని ఆమె తొందరపడుచుండగా, సీనియర్ రేడియోగ్రాఫరు ముందుగా బల్ల యెత్తును సరిచేయించెను. ఎఱ్ఱని లేజరు గీతలు నా నడిబొడ్డున కలియవలెను. ఎత్తు తప్పినచో, తొలుత తీయు స్కౌట్ చిత్రములో మనిషి ఉన్నదానికంటె లావుగానో సన్నముగానో కనబడును. ఆ కొలతనే నమ్మి యంత్రము కిరణమాత్రను హెచ్చించుటయో, తగ్గించి చిత్రమును మసకబార్చుటయో చేయును. ఈ యొక్క పాఠమునకే ఆమెకు ఒక ఉదయమంతయు పట్టినది, పట్టదగినదే. బూడిదరంగు ఛాయలను ఏ యంకెల నడుమ పరచవలెనో నిర్ణయించు విండోల సంగతి త్వరగానే పట్టుబడినది: మెదడునకు వెడల్పు 80, మధ్యమము 40, ఊపిరితిత్తులకు వెడల్పు 1500, మధ్యమము మైనస్ 600.

కొన్నాళ్లకు, కుమారుని చూడవచ్చిన యొక తెలుగు వృద్ధురాలు పొట్ట పరీక్షకై వచ్చెను. యంత్రములోనుండి వినవచ్చు ఆంగ్లపు పలుకులు ఆమెకు తెలియవు. శిక్షణకు వచ్చిన ఆ పిల్ల, వృద్ధురాలి పేరును పుట్టినతేదిని అడిగి సరిచూచుకొని, మందు ఎక్కింపవచ్చునో లేదో తెలియుటకు మూత్రపిండముల రక్తపరీక్ష ఫలితము చదివి, బల్ల ప్రక్కన నిలిచి, “మామ్మగారూ, నేను చెప్పగానే గాలి పీల్చి బిగబట్టండి. మందు ఎక్కేటప్పుడు ఒళ్ళంతా వెచ్చబడుతుంది, పక్క తడిసిందేమో అనిపిస్తుంది; అదేమీ కాదు, కంగారు పడకండి,” అని చెప్పి, ఊపిరి బిగబట్టుట అభ్యాసము చేయించి, సీసపు అద్దము వెనుకకు పోయి మైకులో తన గొంతునే వినిపించెను. చిత్రములో కాలేయపు అంచు ఎక్కడను చెదరలేదు.

వృద్ధురాలు లేచి కూర్చుండి, “ఇంతేనా అమ్మాయ్! దీనికా పొద్దుటినుంచీ కాఫీ మాన్పించారు?” అనెను.

“ఇంకో పావుగంట ఇక్కడే కూర్చోండి మామ్మగారూ, చేతికున్న సూది తీసేశాక తాగుదురుగాని.”