తొట్టికి తెగులు

(సత్తెనపల్లి. జిన్నింగ్ మిల్లు షావుకారు గారి కొత్త డాబా. హాల్లో నాలుగడుగుల గాజు తొట్టి. లోపల గోల్డ్‌ఫిష్‌లు ఉన్నాయని షావుకారు గారి నమ్మకం.)

షావుకారు: ఆదివారం తొట్టి పెట్టించా. సోమవారం ఇరవై చేపలు వదిలా. గురువారానికి కుడితయింది. ఏందయ్యా ఈ కర్మ?

సిద్ధాంతి: నైరుతిలో నీళ్ళుంటే ఇంకేమవుద్ది బాబూ! ఈశాన్యం కిటికీ పక్కకి జరపండి.

ఆక్వేరియం కుర్రాడు: అక్కడ పొద్దుటెండ పడుద్ది పంతులుగారూ. నాచు పుట్టి నీళ్ళు పచ్చబడతయ్.

సిద్ధాంతి: పచ్చదనం శుభమే కదా!

మందుల కొట్టాయన: ఇది తెగులు. పత్తికైనా, మిరపకైనా, చేపకైనా సూత్రం ఒకటే. ముందు ఒక మందు, తగ్గకపోతే రెండు కలిపి.

కుర్రాడు: చేపలు చస్తయ్ బాబాయ్! చెరువుల్లో కలపొద్దని మీ డబ్బాల మీదే రాసుంటదిగా.

కొట్టాయన: అది చదువుతా కూర్చుంటే యాపారం సాగినట్టే.

కుర్రాడు: కొత్త తొట్టి ఇట్టాగే తెల్లబడుద్ది సార్. మిగిలిన మేత మీద బాక్టీరియా ఒక్కసారిగా పెరుగుద్ది, దానంతటదే తగ్గుద్ది. చేపల రెట్టలో పుట్టే అమ్మోనియాని తినే మేలు బాక్టీరియా ఫిల్టర్ స్పాంజిలో కుదురుకోటానికి మాత్రం 4 నుంచి 6 వారాలు. అందాకా మేత తగ్గించి, వారానికోసారి నాలుగోవంతు నీళ్ళు మార్చండి. సగం చేపల్ని వెనక్కిచ్చెయ్యండి.

షావుకారు: ఇరవై అమ్మింది మీరేగా!

కుర్రాడు: అమ్మింది మా ఓనరు సార్. చెప్పేది నేను.

షావుకారు: ఫిల్టర్‌కేం లోటు? స్పాంజిని రోజూ కుళాయి కింద తోమిస్తన్నా.

కుర్రాడు: అదే కొంప ముంచింది. కుళాయి నీళ్ళ క్లోరిన్‌కి మేలు బాక్టీరియా చచ్చిపోద్ది. తొట్టిలోంచి తీసిన నీళ్ళలోనే పిండాలి.

కొట్టాయన: మేలు చేసే పురుగా! నా సర్వీసులో చూడలా.

కుర్రాడు: 2021లో మిరపకి నల్ల తామర పురుగొచ్చినప్పుడు చూళ్ళేదా? మందు మీద మందు కొడితే మిత్రపురుగులు పోయినయ్, తామర పురుగు మిగిలింది.

కొట్టాయన: మిగిలింది కాబట్టేగా మళ్ళీ మందు కొన్నారు!

షావుకారు: ఆ గొడవలెందుకు? డబ్బుకి చూడను. ఇప్పుడు ఏం పొయ్యాలో చెప్పబ్బాయ్.

కుర్రాడు: ఏమీ పొయ్యకూడదు సార్.

షావుకారు: ఏమీ పొయ్యకుండా తగ్గే రోగమేందిరా? ఇంతా చేసి నీకు పనే రాదు!

కొట్టాయన: అబ్బాయ్, ఆ 'ఏమీ పొయ్యకపోవటం' లీటరు డబ్బాల్లో వస్తే చెప్పు. ముందు నా కొట్లోనే పెడతా.