కంపెనీ మంచిదో కాదో ఏసీ గదిలోనే కనిపెట్టండి

నిర్మల్‌లో ఏదో లాడ్జి ముందు "దుబాయి ఇంటర్వ్యూలు, వెంటనే వీసా" అని ఫ్లెక్సీ కనబడిందా? వెనకాముందు చూడకుండా మెట్లెక్కండి. ముందు ఏసీ చూడండి. అది చల్లగా ఉంటే కఫీల్, అంటే అక్కడి యజమాని, మనసూ చల్లగా ఉన్నట్టే. గోడ మీద 828 మీటర్ల బుర్జ్ ఖలీఫా ఫోటో ఉంటే మీ క్యాంపు దాని పక్కనే. మనూరి పొనికి చెక్క పండ్లకు రంగులద్దితే అచ్చం చెట్టు మీది పండే అనిపిస్తుంది. అందుకే మనకు దేన్నైనా వేలితో కొట్టి చూసే బుద్ధి. దాన్ని ఇంట్లో పెట్టి రండి.

"జీతమెంత సార్?" అని అడగడం మర్యాద కాదు. ఏజెంటే చెబుతాడు: "ఓటీ కలుపుకుంటే మస్తు మిగుల్తది తమ్మీ." మస్తు అంటే ఎన్ని దిర్హాములని అడిగితే ఆయన నొచ్చుకుంటాడు. ఒప్పందం అరబ్బీలో ఉంటే మరీ మంచిది, చదివే బాధ తప్పింది. కాపీ అడగకండి.

ఇక పైసల ముచ్చట. రిజిస్టరైన ఏజెంటు సర్వీసు చార్జీ 30 వేలు, పైన జీఎస్టీ దాటొద్దని సర్కారు నిబంధన. మీ విలువ అంతేనా? లక్షన్నర అడిగాడంటే ఐదింతలు గౌరవించినట్టు. మిత్తికి తెచ్చి కట్టండి. రశీదు అడగడం, సర్కారు ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో లైసెన్సు నంబరు వెతకడం, ఇవన్నీ పెళ్లిచూపుల్లో పిల్ల ఆధార్ కార్డు అడిగే రకం పనులు.

విజిట్ వీసా మీద పంపుతానంటే మాత్రం ఆ కంపెనీని వదలకండి. పదో తరగతి పాసు కానివాళ్లు గల్ఫ్‌కు పనికి పోవాలంటే ఎమిగ్రేషన్ క్లియరెన్సు కావాలి, దాంతోపాటు ప్రవాసీ భారతీయ బీమా. విజిట్ వీసాకు ఆ తంటా ఉండదు. రెండేళ్లకు 275 రూపాయల ప్రీమియం మిగిలిపోయే! ప్రమాదంలో పోతే ఇంటికి రావాల్సిన 10 లక్షలూ దాంతోపాటే పోతాయి గానీ, ఇంటర్వ్యూ రోజు చావు మాటలెందుకు? కల్లివెల్లి అయితే, అంటే కాగితాల్లేకుండా దొంగచాటుగా ఉంటే, అకామా (నివాస అనుమతి) రెన్యువల్ బెంగ కూడా ఉండదు.

పాస్‌పోర్టు ఏజెంటు చేతిలోనే పెట్టండి. మీ జేబుకు చిల్లు ఉండొచ్చు.

చివరగా, వాపసొచ్చిన మీ వాడకట్టు అన్నను కంపెనీ సంగతి అడగకండి. ఆయన ఏదేదో చెబుతాడు. పోయేముందు ఆయనకు సలహా ఇచ్చింది నేనే.