తల్లి రొయ్యకున్న యోగం

2012లో థాయ్‌లాండ్ కార్మిక మంత్రిగా ఉన్న పదెర్మ్‌చాయ్ ససోమ్‌సాప్ గారు చేసిన ప్రకటన చదవగానే నాకు రొయ్యలు గుర్తొచ్చాయి. కడుపుతో ఉన్న వలస కూలి ఆడవాళ్లకు మూడో నెలో నాలుగో నెలో పడగానే సొంత దేశానికి సాగనంపేస్తామన్నారు. పిల్లల అక్రమ రవాణాను అరికట్టడానికట. నిజమే, పిల్లలంటూ పుడితేనే కదా ఎవడైనా ఎత్తుకుపోయేది!

రొయ్యలే ఎందుకంటే, ఈ ఆడవాళ్లలో చాలామంది మన తాతలు కూలికి వెళ్లిన రంగం (రంగూన్) వైపు వాళ్లు. బ్యాంకాక్ పక్కన మహాచాయ్‌లో కూర్చుని లోకానికి రొయ్యలు ఒలిచిపెడుతున్నారు. 24 ఏళ్ల తర్వాత బర్మా గడప దాటిన ఆంగ్ సాన్ సూకీ, 2012 మే 30న వెళ్లి పలకరించింది వీళ్లనే.

భీమవరం, నెల్లూరు వాళ్లకు తల్లి రొయ్య వైభోగం నేను చెప్పక్కర్లేదు. వనామీ రకం తల్లి రొయ్య పరాయి దేశంలో పుట్టి, మన దగ్గర గుడ్లు పెట్టడానికే విమానమెక్కి వస్తుంది. చెన్నైలో క్వారంటైన్ విడిది. రోగం లేదని తేలాక హేచరీకి ప్రయాణం. అక్కడ మసక వెలుతురు, వెచ్చటి నీళ్లు, తినడానికి స్క్విడ్ ముక్కలు. ట్యాంకు దగ్గర చప్పుడు చేస్తే యజమాని ఊరుకోడు. "పరదేశిదానివి, నీ పురుడు మేమెందుకు పోయాలే?" అని దాన్ని ఇంతవరకూ ఏ మంత్రీ అడగలేదు.

కాబట్టి నా మనవి ఒక్కటే. కడుపుతో ఉన్న ప్రతి బర్మా కూలీ తనను తల్లి రొయ్యగా నమోదు చేయించుకోవాలి. దరఖాస్తులో తూకం రాయాలి, రోగాల్లేవని రాయాలి. జాతీయత గడి ఖాళీగా వదిలేసినా పర్వాలేదు. కాళ్ల దగ్గర మాత్రం కొర్రీ పడొచ్చు. నడిచే కాళ్లే రొయ్యకు పది. ఈమెకు చేతులు కలుపుకున్నా నాలుగే. మిగతా ఆరింటి పనీ ఆ నాలుగే చేస్తున్నాయని షెడ్డు సూపర్‌వైజర్ సర్టిఫికెట్ ఇస్తే సరిపోతుంది. అతనికి తెలియంది కాదు.

ఇంకో చిక్కుంది. గుడ్లు తొందరగా రావాలని హేచరీలో తల్లి రొయ్యకు ఒక కంటి కాడ తెంపేస్తారు. మీరు భయపడకండమ్మా, మీ వాటా కోత ఎప్పుడో అయిపోయింది. దాని పేరు సాంఘిక బీమా చందా.

2011 వరదల దెబ్బకు 2012లో కాస్త తగ్గించారు గానీ, మామూలుగా అది జీతంలో 5 శాతం. అప్పటి నిబంధన ప్రకారం కాన్పుకు ముందు 15 నెలల్లో 7 నెలలు చందా కట్టి ఉంటే 13,000 బాత్ చేతికివ్వాల్సింది. 90 రోజులకు సగం జీతం లెక్కగట్టి ఇవ్వాల్సింది. రాసిపెట్టిన హక్కే అది. ఇప్పుడు మంత్రిగారి లెక్క చూడండి: చందా మొదటి నెల నుంచీ కావాలి, మనిషి మాత్రం నాలుగో నెల దాటి ఉండకూడదు. చిట్టీ పాట రోజున సభ్యురాలిని ఊరి పొలిమేర దాటించేవాణ్ణి మన ఊళ్లో ఏమంటారో అదే అంటాను నేనూ. దొంగ అంటాను.

కడుపుతో ఉందని ఏ ఆడమనిషినీ పనిలోంచి తీసేయకూడదని వాళ్ల 1998 కార్మిక రక్షణ చట్టమే, 43వ సెక్షన్లో చెబుతోంది. ఆ చట్టాన్ని కాపాడమని కూర్చోబెట్టిన మనిషి నోటినుంచి వచ్చిన మాట ఇది! ఇది అమలైతే ఏమవుతుందో ఆయనకు తెలియదా? నాలుగో నెలలో కూలి పిల్ల పొట్ట కనపడకుండా గుడ్డ బిగించి కడుతుంది. ఆసుపత్రికి పోదు, పోతే కాగితం మీద పడుతుంది. లేదంటే ఏ సందులోనో మాత్రలమ్మేవాడి దగ్గరికి పోతుంది, నెత్తురోడుతూ వచ్చి మళ్లీ బల్ల దగ్గరే నిలబడుతుంది. నిలబడలేకపోతే ఆ చావు ఎవరి ఖాతాలో రాస్తారు మంత్రిగారూ?

ఆమె ఖాళీ చేసిన చోట మర్నాడు ఇంకో పిల్ల నిలబడుతుంది. ఆ నెల జీతంలోంచే కోత మొదలు.