వాహనమునందు ఫోను ప్రతిష్ఠించు విధానము

క్రొత్త వాహనము కొన్న తెలంగాణ గృహస్థుడు దానిని యాదగిరిగుట్ట నరసింహస్వామి సన్నిధికి తోలుకొనిపోయి, పూజారిచేత బానెట్టుపై పసుపుకుంకుమలతో స్వస్తికము వ్రాయించి, బంతిపూలదండ కట్టించి, హారతి యిప్పించి, నాలుగు చక్రములక్రింద నాలుగు నిమ్మకాయలుంచి త్రొక్కించిన తరువాతగాని నిశ్చింతగా నిద్రపోడు. 2022 డిసెంబరులో ఒక వ్యాపారి హెలికాప్టరునే అచ్చటికి తెచ్చి పూజ చేయించెను గనుక, వాహనము చిన్నదా పెద్దదా యను విచారము స్వామికి లేదని తేలుచున్నది. ఇంత తంతు నడచుచున్నను ఒక్క ముఖ్యవిషయమున మాత్రము పెద్దలు మౌనము వహించిరి. మూలవిరాట్టునకును ఉత్సవమూర్తికిని తగిన స్థానములు ఆగమములు చెప్పినవిగాని, నేటి వాహనమందు ప్రధానదైవమగు ఫోనును ఎచ్చట నిలుపవలెనో ఏ ఆగమమును చెప్పలేదు. ఆ కొరత తీర్చుటకే ఈ ప్రయత్నము.

సర్వోత్తమస్థానము ముందరి అద్దము యొక్క నట్టనడుమ. అచ్చట పెద్ద ఫోనొకటి నిలిపినచో గుంతలు, అడ్డముగా వచ్చు బర్రెలు, రాంగురూటున ఎదురువచ్చు ట్రాక్టరు మొదలగు మనస్తాపకారణములేవియు కంటబడవు. ఈ ప్రతిష్ఠను స్వయముగా చేయక దుకాణదారునకే అప్పగింపుడు. అతడు స్టాండు అడుగునగల రబ్బరుగిన్నెపై నోటితో ఆవిరియూది, అంగీకొంగుతో తుడిచి, అద్దమున కదిమిపట్టి, మీట టక్కున నొక్కి, "అన్నా, గిదొక్కసారి అతికిందంటె లారీ గుద్దినా ఊడది" అని అభయమిచ్చును. అతని మాట సత్యమే. లారీ గుద్దువరకు అది ఆగదు, మొదటి స్పీడుబ్రేకరువద్దనే ఊడి బ్రేకుపెడలు క్రిందికి దొర్లును. ఒకచేత స్టీరింగు పట్టి, రెండవచేత కాళ్లసందున దానికై తడవుట యోగాభ్యాసములందు కఠినమైనదని ఎరిగినవారు చెప్పుదురు.

ఎండకాలమున అద్దము మరింత ప్రశస్తము. ఐఫోను వంటివానిని 35 డిగ్రీలలోపు వేడిమియందే వాడుమని చేసినవారే చెప్పుచున్నారు. మన మే మాసపు మధ్యాహ్నము నలువది దాటును, మూసిన కారు లోపలిసంగతి చెప్పనక్కరలేదు. ఫోను కాగి, తెర నల్లబడి, తపోనిష్ఠ వహించును. అది సహింపలేనివారు ఏసీ గాలివచ్చు జాలీకి క్లిప్పు తగిలింతురు. అప్పుడు చల్లదన మంతయు ఫోనుకును, చెమట యంతయు యజమానికిని సంక్రమించును, సేవాధర్మమన నిదియే. కొన్నాళ్లకు జాలీ రెక్క విరిగినచో మరియొక రెక్క కలదు.

ముందుసీటు ఎదుట డాష్‌బోర్డుపై ఎయిర్‌బ్యాగు అని వ్రాసియున్న నున్నని స్థలము చూచి అనేకులు మోహపడుదురు. అచ్చట జిగురుపట్టీతో అతికించిన స్టాండు నిజముగానే గట్టిగా నిలుచును. కారు దేనినైన గుద్దుకొన్న క్షణములో ఆ మూతను చీల్చుకొని సంచి ఉబుకును. స్తంభము చీల్చుకొని వెడలిన నరసింహునకైనను ప్రహ్లాదునియెడ దయ కలదు, ఈ సంచికి ఆ వివేచన లేదు. అది విసరిన ఫోను ప్రక్కసీటున కూర్చున్న ఇల్లాలి మొగమునే వెదకికొనును.

ద్విచక్రవాహనులకు హ్యాండిలు గలదు. ఇంజను కుదుపునకు ఫోను కెమెరాలోని సున్నితభాగములు చెడవచ్చునని యాపిలు సంస్థయే 2021లో హెచ్చరించినది. మన యువకులు ఆ హెచ్చరిక రాకమునుపే పరిష్కారము కనుగొని, ఫోనును హెల్మెటునకును చెవికిని నడుమ జొనిపి, మెడ వంకరచేసి, బావమరదితో భూమి తగాదా మాటలాడుచు ఘాటురోడ్డు నెక్కుచున్నారు. కారువారిలో కొందరు తొడపై నుంచుకొందురు. తొడపై లక్ష్మిని కూర్చుండబెట్టుకొనుట గుట్టపైనున్న స్వామికి చెల్లెను. ఆయన క్లచ్చు త్రొక్కవలసినపని లేదు.

ఎచ్చట నిలిపినను ఒక చిక్కు మిగులును. గంటకు 60 కిలోమీటర్ల వేగమున పోవు బండి మూడు సెకనులలో 50 మీటర్లు దాటును. ఫోనులో వచ్చిన పెండ్లిపత్రిక చదువుటకు మూడు సెకనులు చాలవు. గుట్టపైనున్న పంచనారసింహులలో గండభేరుండ నరసింహుడొకడు. గండభేరుండమునకు రెండు తలలు. ఒక తల రోడ్డువైపు, ఒక తల తెరవైపు నిలుపగల ఆ సౌకర్యము ప్రసాదింపుమని మ్రొక్కుకొనుట శ్రేయస్కరము. వరము ఫలించువరకు బండి ఆపి చూచుకొనవలెను.

ప్రభుత్వము అంతదూరము పోలేదు. 2020 అక్టోబరు 1 నుండి అమలైన నియమము ప్రకారము నడపువాడు ఫోనును దారి చూచుకొనుటకు మాత్రమే, అదియును తన ఏకాగ్రత చెడకుండ వాడవచ్చును. చేతబట్టి నడపుట ప్రమాదకరమైన డ్రైవింగు క్రింద లెక్క: 184వ సెక్షను ప్రకారము మొదటి తప్పునకు వేయి మొదలు అయిదువేల రూపాయలవరకు జుల్మానా, లేక ఆరునెలలకు తక్కువగాని జైలు, లేక రెండును.

ఇన్ని స్థానములు పరీక్షించి నాకు తేలినది ఇంతే. స్టాండు తప్పదనుకొన్నచో అద్దమున కడ్డురాకుండ, ఎయిర్‌బ్యాగు మూతలకు దూరముగ, స్టీరింగు ప్రక్కన క్రిందుగా నిలిపి, దారి ముందే పెట్టుకొని బయలుదేరుడు. హైదరాబాదు నుండి గుట్టకు వచ్చువారు 163వ జాతీయరహదారిపై భువనగిరి దాటి, రాయగిరివద్ద ఎడమకు తిరిగిన చాలును. ఆ ఒక్క మలుపు జ్ఞాపకమున్నవారికి ఈ యాత్రలో ఫోనుతో పనియే లేదు.