ల్యాప్‌టాప్ అమ్మేయండి, మేనల్లుణ్ణి అట్టేపెట్టుకోండి

ఇంట్లో ల్యాప్‌టాప్ తీసేసి ట్యాబ్ ఒక్కదానితోనే నెట్టుకొద్దామని నిశ్చయించుకున్నవాళ్లు ముందు వెళ్లాల్సింది షోరూమ్‌కి కాదు, చుట్టాలింటికి. చుట్టాల్లో ల్యాప్‌టాప్ ఉన్నవాళ్లెవరు, వాళ్లలో మన మాట కాదనలేనివాళ్లెవరు, వాళ్లలో మళ్లీ ఆటో ఎక్కితే పావుగంటలో చేరగలిగేవాళ్లెవరు అని చూసుకుని ఒకణ్ణి ఖాయం చేసుకోవాలి. మేనల్లుడు ఉత్తమం. బావమరిది మధ్యమం, పని చేసిపెడతాడు గానీ ఆ సంగతి పెళ్లిళ్లలో చెప్పుకుంటాడు. కన్నకొడుకు అధమం. ఉన్న ల్యాప్‌టాప్ ఎందుకమ్మావు నాన్నా అంటాడు.

ఈ నియమం నేను కల్పించింది కాదు, ట్యాబ్ పుట్టుకలోనే ఉంది. 2010 జనవరిలో స్టీవ్ జాబ్స్ వేదిక మీద సోఫాలో జారగిలబడి ఐప్యాడ్‌ని లోకానికి చూపించాడు. ఏప్రిల్‌లో అది అమ్మకానికొచ్చింది. డబ్బా విప్పి నేరుగా వాడుకుందామంటే కుదిరేది కాదు. తీగ వేసి, ఐట్యూన్స్ ఉన్న కంప్యూటర్‌కి తగిలిస్తేనే కళ్లు తెరిచేది. కంప్యూటర్ సాయం లేకుండా తనంతట తాను లేచి కూర్చోవడం 2011 అక్టోబరులో, ఐఓఎస్ 5తో మొదలైంది. ఇంట్లోంచి కంప్యూటర్‌ని వెళ్లగొట్టడానికి వచ్చినదానికి పురుడు పోసింది కంప్యూటరే అన్నమాట. మీ మేనల్లుడు చేయబోయే సేవకు అంతటి సంప్రదాయం ఉంది. వాడికి ఆ సంగతి చెప్పండి, పొంగిపోతాడు.

ఇక కొనడం. ట్యాబ్‌ని బరువు చూసి కొనాలి, అదీ ఒక్కదాన్నే చేతిలో పట్టుకుని. షోరూమ్ కుర్రాడు మీ అరచేతిలో పెట్టినప్పుడు అది అరకిలో అటూ ఇటూ ఉంటుంది. ఆ అనుభూతి చాలు, అక్కడికక్కడే డబ్బు కట్టేయండి. కీబోర్డు ఉన్న కవరు వచ్చే నెల కొనండి. పెన్ను ఆ పై నెల. పెన్‌డ్రైవూ ప్రొజెక్టరూ తగిలించుకునే హబ్బు, స్టాండు, చిన్న మౌసు, ఇవన్నీ పెట్టుకోవడానికి సంచీ పండగ ఆఫర్లలో తీసుకోవచ్చు. రసీదులు ఒకేచోట పెట్టకూడదు. సామాన్లన్నీ కలిపి కాటా మీద అసలే పెట్టకూడదు. 2020లో ఎవరో ఆ పాపం చేశారు. అప్పుడు వచ్చిన 12.9 అంగుళాల ఐప్యాడ్ ప్రోకి మ్యాజిక్ కీబోర్డు తగిలించి తూస్తే కిలోమూడువందల పైన తేలింది. ఆ ఏడాది మ్యాక్‌బుక్ ఎయిర్ బరువు 1.29 కిలోలు. ఆ కీబోర్డు ఒక్కదాని ధర అమెరికాలో 349 డాలర్లు, మన దగ్గర 30 వేల పైమాట. ఆ డబ్బుకి మామూలు ల్యాప్‌టాప్ ఒకటి వచ్చేదని లెక్కలు తీసే మనుషుల్ని కొనుగోలుకి వెంట తీసుకెళ్లవద్దు.

తెర ఎంత పెద్దదైతే అంత గొప్ప. చిన్న తెర కొంటే ఒక నష్టం ఉంది: 10.1 అంగుళాల లోపు ట్యాబుల్లో వర్డ్, ఎక్సెల్ యాప్‌లతో మామూలు దిద్దుబాట్లు ఉచితంగా చేసుకోనిస్తుంది మైక్రోసాఫ్ట్. ఆ గీత దాటితే చందా కట్టాలి. ఊరికే వచ్చినదానికి విలువుండదు కాబట్టి గీత దాటండి.

మరీ డబ్బు పెట్టలేనివాళ్లు ఉసూరుమనక్కర్లేదు, వాళ్లకీ చరిత్రలో చోటుంది. 2011 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం విద్యార్థుల కోసమని ఆకాశ్ ట్యాబ్‌ని విడుదల చేసింది. ఏడంగుళాల తెర, ధర రెండు వేల పైచిలుకు రూపాయలు. ఆ తొలి ట్యాబుల్ని బిగించింది మన హైదరాబాద్‌లోనే. వేలు తాకిస్తే సరిపోయే రకం తెర కాదు, గోరుతో నొక్కి అడిగితే పలికేది. ఇవాళ్టి చవక ట్యాబులతో విసిగిపోయేవాళ్లు దాన్నొకసారి తలుచుకుంటే కోపం దిగుతుంది.

ట్యాబ్ వాడకానికి ముఖ్యంగా కావలసింది ఓర్పు. మీరు అడిగిందల్లా ఇస్తారు, మీ జీవితకాలంలోనే ఇస్తారు. ఐప్యాడ్‌లో ఫైళ్లను ఒకచోట చూసుకునే యాప్ 2017లో వచ్చింది. పెన్‌డ్రైవ్ పెడితే గుర్తుపట్టడం 2019లో. మౌసుకి సరైన ఆదరణ 2020 మార్చిలో. మ్యాకింటోష్‌కి 1984లోనే ఉన్న మెనూ బార్ 2025లో దిగింది. అన్నిటికన్నా నాకు నచ్చేది క్యాలిక్యులేటర్ కథ. ఐఫోన్‌కి మొదటి రోజు నుంచీ ఉన్న క్యాలిక్యులేటర్‌ని ఐప్యాడ్‌కి ఇవ్వడానికి పద్నాలుగేళ్లు తీసుకుని, 2024లో ఇచ్చారు. ఈలోగా కూడికలు చేసుకోవాల్సినవాళ్లు ఇంకెవరి యాప్‌లోనో ప్రకటనలు చూస్తూ కూడుకున్నారు, లేదా జేబులోంచి ఫోను తీశారు. మీకేదైనా పని ఇవాళ ట్యాబ్‌లో కావడం లేదంటే ఆ పని తొందరపడిందని అర్థం.

జోస్యాలు చెప్పి భయపెట్టేవాళ్లు కూడా ఎదురవుతారు. ఇంకో అయిదేళ్లలో అమెరికాలో ఎక్కువగా అమ్ముడయ్యే పీసీ ట్యాబ్లెట్టే అవుతుందని 2001లో బిల్ గేట్స్ చెప్పాడనీ, అయిదేళ్లు గడిచినా కాలేదనీ గుర్తు చేస్తారు. 2012లో వచ్చిన సర్ఫేస్ ఆర్‌టీ ట్యాబ్ అచ్చం విండోస్‌లాగే కనబడుతూ పాత విండోస్ ప్రోగ్రాములు ఒక్కటీ నడపలేకపోయిందనీ, మరుసటేడు మైక్రోసాఫ్ట్ ఆ ఖాతాలో 90 కోట్ల డాలర్లు నష్టం రాసుకుందనీ చెబుతారు. చెప్పనివ్వండి. 90 కోట్ల డాలర్లు పోయినా ఆ కంపెనీ మునిగిపోలేదు. ముప్పై వేల కీబోర్డుకి మీరు మునిగిపోతారా?

తెలుగులో రాసుకునేవాళ్లకి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే ట్యాబ్ మహిమ పూర్తిగా బయటపడేది ఇక్కడే. కీబోర్డు జోలికి వెళ్లకండి, మాట్లాడి టైపు చేయించండి. ట్యాబ్ ముందు కూర్చుని వ్యాసం చదువుతూ పోతే అదే రాసుకుంటుంది. మామూలు మాటల వరకు బాగానే రాస్తుంది కూడా. ఇంటిపేర్లు, ఊళ్ల పేర్లు, పాత పుస్తకాల పేర్లు వచ్చినప్పుడు తనకు తోచింది వేసుకుంటుంది, మీరు అడ్డు చెప్పకూడదు. కామా, పూర్ణవిరామం లాంటివి తర్వాత ఎవరో పెట్టుకుంటారు. మధ్యలో వంటింట్లోంచి పెరుగు తోడు పెట్టారా అని అడిగితే అదీ వ్యాసంలో చేరుతుంది. ఉంచేయండి, రచనలో ఇంటి వాతావరణం ఉందంటారు.

పూర్తయిన వ్యాసాన్ని ఫైలుగా పంపడం పాత పద్ధతి. పేజీకొక స్క్రీన్‌షాట్ తీసి వాట్సాప్‌లో వరస తప్పించి పంపండి. అవతల పత్రికాఫీసుల్లో, డీటీపీ సెంటర్లలో కూర్చున్నవాళ్ల లోకం వేరు. చాలాచోట్ల నేటికీ పేజ్‌మేకర్ 7 మీదే పేజీలు కడతారు. అడోబీ దాని తర్వాత ఇంకో పేజ్‌మేకర్ తేలేదు, ఆ ఏడో వెర్షన్ వచ్చిందే 2001లో. అందులోకి తెలుగు అను ఫాంట్లలో ఎక్కాలి. అవి యూనికోడ్ రాకముందటి బాణీవి, విండోస్ కంప్యూటర్‌లో అను స్క్రిప్ట్ మేనేజర్ ఉంటేనే పలుకుతాయి. ఆపరేటర్లలో కొందరు మాడ్యులర్ కీబోర్డు నేర్చారు, కొందరు యాపిల్ కీబోర్డు. ఆ రెండోది పేరుకే యాపిల్, దొరికేది విండోస్‌లో, యాపిల్ వారి ట్యాబ్‌లో దాని జాడ ఉండదు. వాళ్లు అను ఫాంట్లలో కట్టిన ఫైలు మీకు మెయిల్లో వస్తే మీ ట్యాబ్‌లో రోమన్ అక్షరాలూ, కొక్కేలూ, డాలరు గుర్తులూ కలగాపులగంగా కనబడతాయి. కంగారు పడకుండా "చూశానండీ, బాగుంది, అచ్చుకిచ్చేయండి" అని జవాబివ్వండి. తప్పులుంటే పాఠకులు ఉత్తరాలు రాస్తారు. అవి చదువుకోవడానికి ట్యాబ్ బ్రహ్మాండంగా ఉంటుంది.

వ్యాపారస్తుల సంగతికొద్దాం. టాలీ విండోస్‌లో నడుస్తుంది, మీ ట్యాబ్‌లో నడవదు. అందుకని టాలీ మానేసి ఎర్రట్ట ఖాతా పుస్తకానికి వెళ్లండి, ట్యాబ్ దాని ఫొటో చక్కగా తీస్తుంది. ఎక్సెల్‌లో మీ ఆడిటరు మాక్రోలు పెట్టి ఇచ్చిన షీటు ట్యాబ్‌లో తెరుచుకుంటుంది గానీ మాక్రోలు కదలవు. బటన్ కనబడుతుంది, నొక్కబుద్ధవుతుంది, నొక్కండి. ఏమీ కాదు. ఏమీ కాకపోవడం కన్నా భద్రత ఏముంటుంది?

డిజిటల్ సంతకం మాత్రం కొంచెం గట్టి పిండం. టెండర్లు వేసే కాంట్రాక్టర్లకీ, కంపెనీ పేరు మీద జీఎస్టీ రిటర్నులు దాఖలు చేసేవాళ్లకీ ఆ సంతకం ఒక యూఎస్‌బీ టోకెన్‌లో ఉంటుంది. సొంత పేరుతో చిన్న వ్యాపారం చేసుకునేవాళ్లు జీఎస్టీకి ఓటీపీతో గట్టెక్కుతారు. టోకెన్ పలకాలంటే దాని డ్రైవరు కంప్యూటర్‌లో ఎక్కించాలి, పోర్టల్ కోరిన సంతకం సాఫ్ట్‌వేర్ వెనకాల నడుస్తూ ఉండాలి. ఇదంతా విండోస్‌ని దృష్టిలో పెట్టుకుని అల్లిన వ్యవహారం. హబ్బు ద్వారా ట్యాబ్‌కి గుచ్చితే టోకెన్‌లో దీపం వెలుగుతుంది. అంతవరకే. సాయంత్రం అయిదింటికి టెండరు గడువనగా నాలుగుంబావుకి ఆ దీపం వైపు చూస్తూ కూర్చోవడం తప్పనిసరి అనుభవం. ఆ తర్వాతే మేనల్లుడికి ఫోను చేయాలి, ముందు చేస్తే వాడికి అలుసైపోతాం.

ఇంజినీరింగ్ పిల్లలకి కూడా ట్యాబే కొనివ్వండి. ఆండ్రాయిడ్ యాప్‌లు తయారుచేసే ఆండ్రాయిడ్ స్టూడియో ఆండ్రాయిడ్ ట్యాబ్ మీద నడవదు. ఐప్యాడ్ యాప్‌లు కట్టే ఎక్స్‌కోడ్‌కి మ్యాక్ కావాలి. ప్రోగ్రాములు రాసే బాధ పిల్లలకి అలా తప్పిపోతుంది. 2017లో యాపిల్ ప్రకటనలో ఒక పిల్ల రోజంతా ఐప్యాడ్‌తో గడిపి చివర్లో కంప్యూటర్ అంటే ఏమిటని అడుగుతుంది. క్యాంపస్ ఇంటర్వ్యూలో మీవాడు కూడా అదే అడిగేలా పెంచండి.

ఒక రకం మనుషులతో జాగ్రత్తగా ఉండాలి. వీళ్లింట్లో ల్యాప్‌టాప్ ఉంటుంది, ట్యాబ్ కూడా ఉంటుంది. రాత పనీ లెక్కల పనీ ల్యాప్‌టాప్ మీద ముగించుకుని, ట్యాబ్‌ని పడక్కుర్చీలోకి తీసుకెళ్లి పుస్తకాలు చదువుకుంటారు. పీడీఎఫ్‌గా వచ్చిన ప్రూఫుల మీద పెన్నుతో దిద్దుతారు. వీణ పాఠం వీడియో పక్కన పెట్టుకుని సాధన చేస్తారు. బొమ్మలు వేస్తారు. రైల్లో పై బెర్తు మీద పడుకుని సినిమా చూస్తారు. పది గంటలు చార్జింగ్ ఊసెత్తరు. ట్యాబ్ చేత అది చేయగలిగిన పనులే చేయిస్తూ సుఖపడిపోతున్నారు. వీళ్లు మీ ఇంటికొస్తే కాఫీ ఇచ్చి పంపేయండి. సలహా అడక్కండి.

చివరగా మేనల్లుణ్ణి పోషించే విధానం. పని చెప్పేటప్పుడు పని పేరెత్తకూడదు. "ఒరేయ్ చిన్నా, భోంచేశావా?" దగ్గర మొదలుపెట్టాలి. "చెప్పు మావయ్యా, ప్రింటా, సంతకమా?" అని వాడే అందుకుంటాడు. వాళ్లమ్మను, అంటే మీ అక్కయ్యను, ఏడాది పొడవునా మంచి చేసుకుంటూ ఉండాలి. వేసవిలో మామిడికాయలు, సంక్రాంతికి అరిసెలు. మీరు మావయ్య కాక అత్తయ్య అయితే పని ఇంకా సులువు, వాడు ఎదురు చెప్పడు. వాడి ల్యాప్‌టాప్‌లో మీ పేరుతో ఫోల్డర్ ఒకటి పెట్టించుకోండి. క్రమంగా మీ టాలీ, మీ డ్రైవర్లు, మీ అను ఫాంట్లు అందులో చేరతాయి. ఇంకో ఏడాదికి వాడి ఫైళ్లకి చోటు చాలదు. కొత్తది కొనుక్కోమని ప్రోత్సహించండి.

వాడు ఎమ్మెస్‌కి అమెరికా వెళ్తానంటే ఆశీర్వదించండి, ఆపకండి. ల్యాప్‌టాప్‌లో క్రోమ్ రిమోట్ డెస్క్‌టాప్ పెట్టించుకుంటే మీ ట్యాబ్ మీంచే దాన్ని నడపొచ్చు. మనకి వేసవిలో పొద్దున్న పదిన్నర, చలికాలంలో పదకొండున్నర అయ్యేసరికి డాలస్‌లో అర్ధరాత్రి. మూత వేయకుండా పడుకోమని చెప్పండి. టోకెన్ ల్యాప్‌టాప్‌కి గుచ్చి ఉండాలి కాబట్టి అదీ వాడితోనే వెళ్తుంది. పాస్‌వర్డ్ చీటీ మీద రాసి ఆవకాయ సీసాతో పాటు సూట్‌కేసులో పెట్టించండి. టెండరు ఖమ్మంలో ఉంటుంది, సంతకం డాలస్‌లో ఉంటుంది, మీరు అరకిలో ట్యాబ్ పట్టుకుని ఎక్కడైనా ఉండొచ్చు.